రోటర్ సెట్ల డెలివరీ ఎందుకు ఆలస్యమవుతోందంటే

నమస్కారమండీ. గైరోప్లేన్ (గాలికి తిరిగే పై రెక్కల మీద ఎగిరే విమానం) రోటర్ హెడ్, దాన్ని మోసే స్తంభం అంటే మాస్ట్, ఈ సెట్ల కోసం బెంగళూరులో మా పీణ్య వర్క్‌షాప్‌కి ఆర్డరిచ్చినవాళ్లందరూ ఒకే మాట అడుగుతున్నారు: "బ్యాలెన్సింగ్ అయిపోయిందన్నారు కదా, ఇంకా ఎందుకు ఆపారు?" ఉన్నదున్నట్టు చెబుతాను.

రోటర్ (తిరిగే బ్లేడుల జత) వణుకు ప్రధానంగా రెండు రకాలు, బ్యాలెన్సింగ్‌తో పోయేది ఒకటే. చుట్టుకి ఒకసారి వచ్చేది బ్యాలెన్స్ లోపం. ఒక బ్లేడు రవ్వంత బరువైనా, రెండూ ఒకే గీతలో లేకపోయినా పైలట్ పట్టుకునే స్టిక్ చేతిలో గుండ్రంగా ఊగుతుంది. దాన్ని సరిచేసే పూచీ పూర్తిగా మాది. ఈ కొన నుంచి ఆ కొనకి సన్నటి గాలపు దారం బిగించి లాగుతాం. ఆ దారం సరిగ్గా టీటర్ బోల్ట్ (బ్లేడుల జత తక్కెడలా ఊగే ఇరుసు) మధ్యనుంచి పోవాలి. వెంట్రుకవాసి పక్కకి జరిగినా బోల్టులు వదులు చేసి మళ్లీ మొదలుపెడతాం. ఆ తర్వాతే సెన్సర్ పెట్టి తిప్పడం, కొనల్లో బరువులు, హబ్ (బ్లేడులు కలిసే నడిమి భాగం) పక్కన షిమ్ములు, అంటే సన్నటి రేకు బిళ్లలు, పెట్టడం.

చుట్టుకి రెండుసార్లు వచ్చేది వేరు. అది రెండు బ్లేడుల రోటర్‌కి పుట్టుకతోనే ఉంటుంది. బ్లేడులు ముందువెనకలుగా ఉన్నప్పుడు గాలి లాగే తీరు ఒకలా, కుడిఎడమలుగా ఉన్నప్పుడు మరోలా ఉంటుంది. ఆ తేడా అరచుట్టుకోసారి మాస్ట్‌ని కుదుపుతుంది. దీనికి కొనలో ఎంత బరువు పెట్టినా లాభం లేదు, ఉన్న బ్యాలెన్స్ కూడా పోతుంది. దయచేసి ఆ ప్రయత్నం చేయకండి. (గైరోప్లేన్‌ని కనిపెట్టిన సియెర్వా రూపొందించి, 1923లో స్పెయిన్‌లో ఎగిరిన సీ.4 గైరోకి నాలుగు బ్లేడులు. నిర్మాణం తేలికగా ఉంటుందని మనం రెండు బ్లేడులు వాడుతున్నాం కాబట్టి ఈ కుదుపు తప్పదు.)

మన చేతిలో ఉన్నది ఒక్కటే: మాస్ట్ తనంతట తాను ఊగే వేగానికి ఆ కుదుపు దగ్గరపడకుండా చూడటం. రెండూ కలిస్తే ఊపు బాగా పెరిగిపోతుంది. నిమిషానికి 360 చుట్లంటే సెకనుకు 12 కుదుపులు. కానీ గైరో గాల్లో ఉండగా రోటర్‌ని ఇంజిన్ తిప్పదు, గాలే తిప్పుతుంది. అందుకే బరువునిబట్టి వేగం మారుతుంది. ఒక్కరే ఎగిరినప్పుడు 340 ఉన్న రోటర్, పాసింజర్ ఎక్కి మొత్తం బరువు నాలుగోవంతు పెరిగితే సుమారు 380కి పోతుంది. ఒంటరిగా హాయిగా ఎగిరిన మిషన్ ఇద్దరితో గడగడలాడటానికి చాలాసార్లు ఇదే కారణం. పైగా బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడి గాలి పలచన కాబట్టి అదే బరువుకి రోటర్ కోస్తాలోకంటే దాదాపు 4 శాతం వేగంగా తిరుగుతుంది. ఇక్కడ బాగుందని నెల్లూరికి పంపేస్తే అక్కడ ఎలా ఉంటుందో నేను హామీ ఇవ్వలేను.

కాబట్టి ఇకనుంచి ప్రతి సెట్‌నీ ఒక్కరి బరువుతో, ఇద్దరి బరువుతో విడివిడిగా పరీక్షించి, మాస్ట్ అడుగున కుదుపు ఆపే రబ్బరు దిమ్మలు, అంటే బుష్‌ల గట్టిదనం దాన్నిబట్టి ఎంచుతాం. మరీ మెత్తగా పెడితే స్టిక్‌కి పట్టు పోతుంది, గట్టిగా పెడితే కుదుపంతా సీటుకొస్తుంది. ఇది తొందరపడే పని కాదు. ఒక్కో సెట్‌కి రెండు మూడు వారాలు అదనంగా పడుతుంది. పాత ఆర్డర్లకు పాత ధరే. కొత్తవాటికి పెంచక తప్పడం లేదు.

పెట్రోలుతో కలిపి మీ మిషన్ అసలు బరువు, మీరు ఎక్కువగా ఎగిరే ఊరు రాసి పంపండి. ఆగలేనివాళ్లకి అడ్వాన్స్ మొత్తం వెనక్కిస్తాను, నొచ్చుకోను.