పోయిన ఏడాది నుంచి నా దగ్గర కొన్న స్టాంపు ఆల్బమ్ షీట్లు వెనక్కి తెచ్చేయండి

అందరికీ నమస్కారం. పోయిన ఏడాది ఉగాది నుంచి ఈ శ్రావణం దాకా గవర్నర్‌పేటలో మన కొట్లో ప్లేట్ బ్లాకుల (అచ్చు ప్లేటు నంబరున్న అంచుతో సహా విడదీయకుండా దాచుకునే స్టాంపుల గుత్తుల) కోసమని పెద్ద సైజు షీట్లు కొన్నవాళ్లు, నా లెక్కల పుస్తకం ప్రకారం, నలభై ఒక్కమంది. మీరు అందులో ఉంటే ఇవాళే ఆల్బమ్ తెరిచి చూడండి. అవి స్టాంపుల్ని పాడుచేసే పీవీసీ ప్లాస్టిక్ షీట్లు. పీవీసీ కాదని చెప్పి అమ్మింది నేనే.

సంగతి కానూరు మాస్టారి వల్ల బయటపడింది. ఆయన దగ్గర 1937 నాటి రెండున్నర అణాల ఎద్దుబండి బ్లాకు ఉంది. ఆరో జార్జి బొమ్మతో టపా మోసే వాహనాల వరస ఒకటొచ్చింది కదా, రెండణాలకి డాక్ రన్నరు, మూడణాలకి టాంగా, నాలుగణాలకి రైలు, పన్నెండణాలకి విమానం, అందులోది. నాసిక్ ముద్రణ, నక్షత్రాల వాటర్‌మార్కు, నాలుగు స్టాంపులు, పక్కన తెల్ల అంచు, అంచు మీద ప్లేటు నంబరు. దాన్ని పట్టకారుతో కొత్త షీట్లోకి దూర్చింది ఈ చేతులే. ‘ఇక వందేళ్లు ఢోకా లేదు మాస్టారూ’ అని కూడా అన్నాను. రెండో వేసవి దాటేసరికి ఆ అంచు పకోడీలు కట్టిన కాగితంలా తయారైంది. వెనక వేలు పెడితే వేలు కనబడుతోంది. షీటు ముట్టుకుంటే జిడ్డు, వాసన చూస్తే కొత్త రెయిన్‌కోటు.

ఆ సాయంత్రం రాగి తీగను స్టవ్ మంటలో ఎర్రగా కాల్చి, షీటు ముక్కకి తాకించి, మళ్లీ మంటలో పెట్టాను. పచ్చటి మంట లేచింది. పీవీసీలో ఉండే క్లోరిన్ వల్ల అలా మండుతుంది. రెండు నిమిషాల పని. సరుకు దిగిన రోజే చెయ్యాల్సింది. పదిహేడేళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నవాణ్ని, కట్ట మీది లేబులు చదివి ఊరుకున్నాను. (మీరు ఇంట్లో చెయ్యకండి, ఆ పొగ మంచిది కాదు. ముక్క తెస్తే నేనే చేసి చూపిస్తాను.)

పీవీసీ అసలు గట్టి సరుకు. మెత్తగా ఉండటానికి అందులో నూనెలాంటి మందు కలుపుతారు. వేడికి అది బయటికొచ్చి సిరాని కరిగిస్తుంది, కాగితంలోకి ఇంకుతుంది. ఒకసారి ఇంకాక పూర్తిగా తీయడం ఎవరి వల్లా కాదు.

సరఫరాదారు సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పేరు రాయను. ఆరేళ్లుగా అతని దగ్గరే కొంటున్నాను, ఒక్క బిల్లు ఆపింది లేదు. ఫోన్ చేస్తే మొదట ‘చూస్తాను’ అన్నాడు. తర్వాత ‘సరుకు ఎక్కడ తయారైందో మాకూ తెలీదు’ అన్నాడు. మూడోసారి ‘మీ బెజవాడ ఎండలకి ఏ ప్లాస్టిక్ ఆగుతుందండీ’ అన్నాడు. ఎండలు మాకు నిన్న మొదలయ్యాయా? పాత పాలిస్టర్ షీట్లు ఇదే ఊళ్లో, ఇదే బీరువాలో ఎన్ని రోహిణి కార్తెలు దాటాయో వచ్చి చూసుకోమన్నాను. రాలేదు. డబ్బు వెనక్కిస్తానన్నాడు కానీ, తప్పు తనదని ఒక్క ముక్క రాసివ్వనన్నాడు. ఆ డబ్బు తీసుకోలేదు. మా ఆవిడ దీన్ని మూర్ఖత్వం అంటుంది. కావచ్చు.

మాస్టారి బ్లాకు తొమ్మిది రోజులు బల్ల మీదే ఉంది. షీటుకి అతుక్కుపోయింది. తీస్తే అంచు దగ్గర చిల్లుల వరసలో చిరుగుతుందని భయం, నంబరున్న అంచు ఊడితే అది మామూలు నాలుగు స్టాంపులే. తీయకపోతే నూనె ఇంకుతూనే ఉంటుంది. ఫ్రీజర్లో పెట్టమని ఒకరు సలహా ఇచ్చారు. వెనక జిగురుంది, తేమ తగిలితే ఇంకో గొడవని వద్దనుకున్నాను. పదో రోజు షీటుని చుట్టూ కత్తిరించి, బ్లాకుని బల్లకి ఆనించి ఉంచి, ప్లాస్టిక్‌నే వెనక్కి చుట్టుకుంటూ వచ్చాను. ఎప్పుడూ కాగితం నుంచి ప్లాస్టిక్‌ని లాగాలి తప్ప ప్లాస్టిక్ నుంచి కాగితాన్ని లాగకూడదు. నలభై నిమిషాలు పట్టింది. నంబరు దక్కింది. పైవరసలో ఒక ఎద్దు సగం రంగు షీటుతో పోయింది.

మీవి అతుక్కుని ఉంటే మీరు లాగొద్దు, షీటుతో సహా తెండి. అతుక్కోకపోతే తీసి బటర్ పేపర్ మధ్య పెట్టి, పుస్తకాలు నిలబెట్టి ఉంచండి, ఒకదానిమీద ఒకటి పేర్చకండి. ముందు ప్లేటు నంబరున్నవి చూడండి. అంచు మీద అంకె కనబడ్డ ప్రతిదీ ప్లేట్ బ్లాకు కాదు. షీటు షీటుకీ మారేది వరస నంబరు. అదే ప్లేటుతో అచ్చేసిన షీట్లన్నిటి మీదా ఒకటే ఉండేది ప్లేటు నంబరు. రంగు చుక్కలుంటే అది ట్రాఫిక్ లైట్ బ్లాకు, దాని ముచ్చట వేరు. పెన్నీ రెడ్ (విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండు స్టాంపు) తెచ్చి అంచు ఏదని అడక్కండి, 71 నుంచి మొదలయ్యే ఆ నంబర్లు స్టాంపు బొమ్మలోనే ఉంటాయి.

డబ్బు సంగతి. షీట్ల ధర మొత్తం దసరా లోపు ఎవరొచ్చినా వాపసు, బిల్లు అక్కర్లేదు. పాడైన స్టాంపుల విలువ అందరికీ కట్టే స్తోమత నాకు లేదు, ఉందని అబద్ధం చెప్పను. నా చేతులతో నేను పెట్టినవి తొమ్మిది, వాటికి మాత్రం కడతాను. కొత్త పాలిస్టర్ షీట్లు వచ్చాయి, ధర దాదాపు రెట్టింపు. ప్రతి కట్టలో ఒక ముక్క మీ ఎదుటే కాల్చి అమ్ముతాను.

మాస్టారు డబ్బు వద్దన్నారు. బ్లాకు బటర్ పేపర్లో చుట్టి కొట్లోనే ఉంది. ఫోన్ చేస్తే ‘తొందరేముందిలేవయ్యా’ అంటున్నారు. నాలుగు వారాలైంది.