కేస్ షీటులో పిల్లల కోసం ఒక వరుస కావాలి

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను హైదరాబాదులోని ఒక పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సును. రోగిని చేర్చుకునేటప్పుడు కేస్ షీటు నింపుతాం. రోగి తల్లిదండ్రులకు షుగరు ఉందా, బీపీ ఉందా, టీబీ వచ్చిందా అని అడుగుతాం. ఇంట్లో పిల్లలున్నారా, ఈ రాత్రి వాళ్లకు అన్నం ఎవరు పెడతారు అని మాత్రం అడగం.

ఆ మధ్య తాగుడుతో కాలేయం చెడి, పొట్టలో నీరు చేరి ఒకాయన మా వార్డుకు వచ్చాడు. భార్య లేదు. అటెండెంటుగా నిలబడింది పదకొండేళ్ల కూతురు. స్కూలు యూనిఫాంలోనే రక్తం శాంపిళ్లు పట్టుకుని ల్యాబుకు పరుగెత్తేది. రాత్రి ఆ మగవాళ్ల వార్డులోనే మంచం పక్కన చాప పరుచుకునేది. తండ్రి పరిస్థితి చెప్పడానికి రౌండ్స్‌లో డాక్టరు గారు పెద్దవాళ్ల కోసం చూశారు. ఎవరూ లేరు. ఆ పిల్లకే చెప్పారు. అంతా విని తలూపి, ఆయన వెళ్లాక నా దగ్గరికి వచ్చింది. "సిస్టర్, రేపు లెక్కల పరీక్ష. పొద్దున కాసేపు వెళ్లి రావచ్చా?" అంది. తండ్రికి మందులన్నీ వేళకు అందాయి. పాప గురించి ఏ కాగితంలోనూ ఒక్క ముక్క లేదు.

చట్టాలు లేక కాదు. తల్లిదండ్రులు సంరక్షించలేని స్థితిలో ఉన్న పిల్లలు 2015 జువెనైల్ జస్టిస్ చట్టం పరిధిలోకి వస్తారు. ప్రాణాంతక వ్యాధి ఉన్నవారి పిల్లలకు పిల్లల సంరక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. నగరాల్లో ఏడాది ఆదాయం 96,000 మించకూడదు. మా వార్డులకు వచ్చే కుటుంబాల్లో ఎందరో ఆ లోపువారే. కానీ ఆ సాయం ఉందని మంచం దగ్గర చెప్పే మనిషి లేరు.

నార్వేలో మానసిక రోగులు, మత్తుకు బానిసలైనవారు, తీవ్ర జబ్బుపడినవారి మైనరు పిల్లల అవసరాలు పట్టించుకోవడం 2010 నుంచి వైద్య సిబ్బందికి చట్టబద్ధమైన బాధ్యత. అందుకోసం ఆసుపత్రుల్లో ప్రత్యేకంగా మనుషులను ఉంచారు. మనకూ అలాంటి బాధ్యత రాతపూర్వకంగా ఉండాలి. దయ ఉన్న నర్సు డ్యూటీలో ఉంటేనే పిల్లకు అన్నం దొరికే పరిస్థితి పోవాలి.

ఒక భయం మాత్రం నిజం. పిల్లల సంగతి అడిగితే హాస్టలుకు పట్టుకుపోతారేమోనని చాలామంది తల్లులు నోరు విప్పరు. అందుకే ముందు అమ్మమ్మనో పిన్నినో వెతకాలి, బాలల సంక్షేమ కమిటీ దాకా వెళ్లడం ఆ తరువాతి మాట. నాన్నకు ఏమైందో ఆ పిల్లల వయసుకు తగ్గట్టు కూర్చోబెట్టి చెప్పడం కూడా మా పనే కావాలి. తమ వల్లే జబ్బు వచ్చిందని కుమిలిపోయే పిల్లలుంటారు.

గాంధీ, ఉస్మానియా, ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రులతో మొదలుపెట్టండి. కేస్ షీటులో పిల్లల పేర్లు, వయసులు, ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నారో రాసే వరుస పెట్టించండి. ఆ వరుస చదివి కదలడానికి ప్రతి ఆసుపత్రికీ ఒక సోషల్ వర్కరును నియమించండి. గోడల మీద చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు పిల్లల కంటికి అందే ఎత్తులో రాయించండి.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు, హైదరాబాదు