మీరు నాలుగుసార్లు మూసేసిన ఫిర్యాదు, ఐదోసారి

ఫ్రిస్కో, టెక్సస్
మార్చి 9, 2025

కస్టమర్ కేర్ పెద్దలకు,

నమస్కారం. ఈ ఉత్తరం తెలుగులో ఉందేమిటా అని ఆశ్చర్యపోకండి. ఇంగ్లీషులో పదకొండు ఈమెయిళ్ళు రాశాను. పదకొండింటికీ ఒకటే జవాబు, "మీ సహనానికి ధన్యవాదాలు" అని. నా సహనం అయిపోయి నెల దాటింది. ఆ సంగతి ఇంగ్లీషులో చెబితే మీకు ఎక్కలేదు కాబట్టి, తిట్టడానికి నాకు బాగా చేతనైన భాషలో రాస్తున్నాను. పైగా మీ ఫోన్లు ఎత్తేవాళ్ళలో తెలుగువాళ్ళున్నారని నాకు తెలిసిపోయింది. ఎలా తెలిసిందో కింద చెబుతాను.

ముందు జరిగింది రెండు ముక్కల్లో. మీ దగ్గర కొన్న రెండు లిథియం బ్యాటరీలు మా ట్రైలరులో (ట్రక్కు వెనక కట్టి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు) బిగించుకుని, డిసెంబరు 26న బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి వెళ్ళాం. రియో గ్రాండే విలేజ్ క్యాంపుగ్రౌండులో హుకప్ లేని సైటు. కరెంటు తీగ ఉండదు, ఉన్నదంతా బ్యాటరీయే. మొదటి రాత్రి రెండు గంటలకి లైట్లు, నీళ్ళ పంపు, ఫర్నేసు ఫ్యాను అన్నీ ఒక్కసారి చచ్చిపోయాయి. బయట 38 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన సెల్సియస్ లెక్కలో మూడు. లోపల మావారు, ఇద్దరు పిల్లలు, నేను, తెనాలి నుంచి వచ్చి మూడు వారాలైనా కాని మా అత్తయ్యగారు. ఐదుగురం ట్రక్కులోకి మారి, హీటరు వేసుకుని, తెల్లవార్లూ కూర్చున్నాం. "శివరాత్రి ఇంకా రెండు నెలలుందిగా, ఇప్పుడే జాగారం ఏమిటే?" అన్నారు అత్తయ్యగారు మంకీ క్యాపులోంచి.

బ్యాటరీ అన్నాక పోతుంది. దానికి నాకు కోపం లేదు. మా పుట్టింట్లో ఇన్వర్టరు బ్యాటరీ ఎన్నిసార్లు పోలేదు! షాపుకి ఫోను చేస్తే ఒక కుర్రాడు స్కూటరు మీద వచ్చేవాడు. మూతలు విప్పి చూసి, డిస్టిల్డ్ వాటర్ పోసి, కాసేపు ఆగి, "ఇది అయిపోయిందండీ, మార్చాల్సిందే" అని మొహం మీదే చెప్పి, కాఫీ తాగి వెళ్ళేవాడు. నాకు కావలసింది ఆ ఒక్క మాట. రెండు నెలలుగా మీలో ఒకే ఒక్కరి నోట్లోంచి తప్ప రాలేదు, అతని సంగతి కింద చెబుతాను. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. (సామెత గుర్తు చేసింది మా అత్తయ్యగారే. పక్కనే కూర్చుని ఉన్నారు.)

జనవరి 2న మొదటిసారి ఫోను చేశాను. నలభై ఏడు నిమిషాలు పియానో వినిపించాక బ్రాండన్ అనే ఆయన వచ్చాడు. కరెంటు లేని చోట బ్యాటరీలు రాత్రంతా నిలవలేదని చెప్పాను. "మేడమ్, ట్రైలరుని ఇంటి కరెంటుకి ప్లగ్ చేసి చూశారా?" అన్నాడు. చేశాను. "ఇప్పుడు లైట్లు వెలుగుతున్నాయా?" వెలుగుతున్నాయి. "ఫ్యాను తిరుగుతోందా?" తిరుగుతోంది. "గుడ్ న్యూస్ మేడమ్!" అన్నాడు. గొడుగు కారుతోందయ్యా అంటే, ఇంట్లో వేసుకుని చూడండి, తడవట్లేదు కదా అన్నట్టు. ప్లగ్గులో పెడితే ట్రైలరు నడిచేది కరెంటుతో, మీ బ్యాటరీతో కాదు నాయనా అని చెప్పేలోపే ఫోను పెట్టేశాడు. పది నిమిషాల్లో ఈమెయిలు: "మీ సమస్య పరిష్కారమైంది. టికెట్ మూసివేయబడింది."

రెండోసారి జెస్సికా. వోల్టేజి కొలిచి చెప్పమంది. మల్టీమీటరు పెట్టి కొలిచాను, 13.6. "బ్యాటరీ చాలా ఆరోగ్యంగా ఉంది మేడమ్" అంది. ఛార్జరు కలిపి ఉండగా కొలిస్తే మీటరు చూపించేది ఛార్జరు వోల్టేజి. అద్దెకి తెచ్చిన నగలు చూసి పెళ్ళివారు కలవారని తేల్చేసినట్టుంది ఈ పరీక్ష. ఆవిడ అడక్కపోయినా నేనే ఆ రాత్రి ఛార్జరు తీసేసి, రెండు బ్యాటరీల తీగలూ విడదీసి, పొద్దున్నే కొలిచాను. ఒకటి 12.9, ఇంకోటి 12.8. మీ రకం లిథియం బ్యాటరీ నిండా ఛార్జయితే ఊరికే ఉన్నప్పుడు 13.3కి తగ్గకూడదని మీ పుస్తకంలోనే ఉంది. ఫొటోలు తీసి పంపాను. మా కన్వర్టరుకి (ఇంటి కరెంటుతో బ్యాటరీని ఛార్జి చేసే పెట్టె) లిథియం సెట్టింగు ఉందా అన్న అసలు ప్రశ్న మీలో ఎవరూ అడగలేదు. ఉంది, 14.4 దాకా ఇస్తుంది, అది కూడా నేనే రాశాను. దానికి జవాబుగా "మా సేవకి ఎన్ని నక్షత్రాలిస్తారు?" అని సర్వే వచ్చింది.

నక్షత్రాలంటే గుర్తొచ్చింది. బిగ్ బెండ్‌కి మేం వెళ్ళిందే వాటికోసం. 2012 నుంచి అది అంతర్జాతీయ డార్క్ స్కై పార్కు. ఆకాశం అంత నల్లగా దొరికే చోట్లు ఈ దేశంలో తక్కువ. మీ మూడో మనిషి మైకేల్ ఆ రాత్రి గురించి అంతా విని, "మీ సోలార్ ప్యానెల్ నీడలో ఉందా మేడమ్?" అని అడిగాడు. రాత్రి రెండు గంటలకి! ఉంది బాబూ, నీడలోనే ఉంది. భూమి నీడ.

అదే మైకేల్, ఫర్నేసు మాట వినగానే "హీటింగ్ పరికరాలకి వారంటీ వర్తించదు" అన్నాడు. ట్రైలరు ఫర్నేసులో మండేది ప్రొపేన్ గ్యాసు. బ్యాటరీ తిప్పేది ఆ వేడిని లోపలికి తోసే ఫ్యానుని. మా ఫ్యాను 8 ఆంపియర్లు లాగుతుంది. చలిరాత్రి సగం సేపు తిరిగిందనుకున్నా పది గంటలకి 40 ఆంపియర్-అవర్లు. లైట్లు, పంపు, గ్యాసు లీకు కనిపెట్టే పెట్టె కలిపి ఇంకో పదేసుకోండి. మీ డబ్బాల మీద రాసింది చెరో 100. అంటే లెక్క ప్రకారం నాలుగు రాత్రులు రావాలి, ధారాళంగా వాడేసినా మూడు. మాకొచ్చింది మూడొంతుల రాత్రి. ఈ లెక్క మా ఎనిమిదో తరగతి పిల్ల వేసింది. ఫోనులో ఆ పిల్ల చేతే చెప్పించాను. మైకేల్ ఓపిగ్గా విని, "అప్పుడు జనరేటర్ వెయ్యొచ్చు కదా మేడమ్" అన్నాడు. ఆ పార్కులో జనరేటరు వేసుకోనిచ్చేది ఉదయం 8 నుంచి 11 దాకా, సాయంత్రం 5 నుంచి 8 దాకా. రాత్రి రెండింటికి వేస్తే రేంజరొస్తాడు. వస్తే బాగుండేది, కనీసం ఒక మనిషన్నా మా మాట వినేవాడు.

నాలుగోది అన్నిటికంటే ముద్దొచ్చే ఘట్టం. ఇన్వాయిసు ఫొటో అడిగారు, ఇచ్చాను. సీరియల్ నంబరు అడిగారు. ఆ స్టిక్కరు మీరు గోడవైపు అంటించారు. రెండు బ్యాటరీలూ విప్పి, బయటికి లాగి, ఫొటో తీసి పంపాను. అప్పుడు "బ్యాటరీ ఆగిపోతున్నట్టు వీడియో కావాలి" అన్నారు. సరే, ఇంటి ముందే ట్రైలరులో ప్లగ్గు తీసేసి, మావారూ నేనూ దుప్పట్లు కప్పుకుని కూర్చుని, లైట్లు ఆరిపోయేదాకా వీడియో తీశాం. పంపితే వారం తర్వాత జవాబొచ్చింది: "వీడియో మరీ చీకటిగా ఉన్నందువల్ల మీ అభ్యర్థన తిరస్కరించబడింది." లైట్లు ఆరిపోతే చీకటవుతుందండీ. నిరూపించమన్నది దాన్నే కదా!

మధ్యలో ఇంకొకాయన, లిథియం బ్యాటరీ చలికి ఛార్జింగ్ ఆపేస్తుంది, అది భద్రత కోసం అని పాఠం చెప్పాడు. పాఠం నిజమే. సున్నా సెల్సియస్ కంటే కిందకి పోతే లోపలున్న బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూటు) ఛార్జింగ్ ఆపాలి. కానీ ఆ రాత్రి సున్నా కాదు, మూడు. పైగా మేం ఛార్జి చెయ్యట్లేదు, వాడుకుంటున్నాం. ఇంకొకావిడ, వేరే కంపెనీ సోలార్ ప్యానెల్ కలిపారు కాబట్టి వారంటీ చెల్లదంది. ఆ ప్యానెల్ మీదే తల్లీ. దాని మీద మీ కంపెనీ బొమ్మ నా అరచెయ్యంత ఉంది. మరొకరు ట్రైలరు డీలరుని అడగమన్నారు, డీలరు మిమ్మల్ని అడగమన్నాడు. ఆ భాగం వదిలేస్తున్నాను, రాయడానికి నాకే విసుగ్గా ఉంది.

ఇక కెవిన్. ఫిబ్రవరి 6, గురువారం. అప్పటికి ఈ కథ చెప్పడం నాకు కంఠతా వచ్చేసింది, సత్యనారాయణ వ్రత కథలా. పిల్లలు వణుకుతుంటే అత్తయ్యగారు తన శాలువా తీసి చిన్నవాడికి చుట్టి తను ముడుచుకుని కూర్చున్నారని చెబుతుంటే, అవతల అమెరికా యాసలో మాట్లాడుతున్న కెవిన్ నోట్లోంచి "అయ్యో" అని వచ్చింది. అచ్చ తెలుగు అయ్యో. ఇద్దరం ఒక్క క్షణం ఆగిపోయాం. "బాబూ, మీదేవూరు?" అన్నాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత గొంతు తగ్గించి "ఖమ్మం అండీ" అన్నాడు. ఇరవై నిమిషాలు నా మాట విన్నాడు. మధ్యలో అడ్డం రాలేదు, స్క్రిప్టు చదవలేదు. "మీ రీడింగ్స్ చూస్తే రెండూ మార్చాల్సినవే అనిపిస్తోందండీ, నేను సూపర్‌వైజర్‌కి పంపిస్తాను, 48 గంటల్లో ఫోనొస్తుంది" అన్నాడు.

ఆ 48 గంటలు మొదలై ఇవాళ్టికి 31 రోజులు. ఫోను రాలేదు. నేనే మళ్ళీ చేసి కెవిన్ కావాలంటే "ఏ కెవిన్?" అన్నారు. మీ దగ్గర ఎంతమంది కెవిన్లున్నారో నాకేం తెలుసు? ఖమ్మం కెవిన్ కావాలన్నాను. పెట్టేశారు. టికెట్ నాలుగోసారి మూసేశారు.

నేను మీకు కొత్తదాన్ని కాను. 2019లో మొదటి సోలార్ ప్యానెల్ మీ దగ్గరే కొన్నాను. 2021లో ఛార్జ్ కంట్రోలర్, 2023లో ఈ బ్యాటరీలు. సగం ధరకి దొరికేవి ఉన్నా, సర్వీసు బాగుంటుందని (నవ్వుకోండి, నాకూ నవ్వొస్తోంది) మీవే తీసుకున్నాను. గుడిలో పొట్లక్కులకి (తలా ఒక వంటకం తెచ్చుకునే విందులకి) వెళ్ళినప్పుడు పులిహోర వడ్డిస్తూ మీ బ్యాటరీల గొప్పలు చెప్పి నాలుగు కుటుంబాల చేత కొనిపించాను. కమిషన్ లేని ఏజెంటుని. కిందటి నెల నా పుట్టినరోజుకి "విలువైన కస్టమర్‌కి 10 శాతం తగ్గింపు" అని కూపన్ పంపారు. నా పుట్టినరోజు గుర్తుంది మీ కంప్యూటరుకి. నా ఫిర్యాదు గుర్తులేదు.

ఏం కావాలమ్మా నీకు అంటారేమో. బ్యాటరీ మార్చండి. ఒకటి కాదు, రెండూ. పాతదీ కొత్తదీ కలిపి కట్టకూడదని రాసింది మీరే. లేదంటే డబ్బు వెనక్కివ్వండి, మావారు అదే అంటున్నారు. నన్నడిగితే రెండూ తర్వాత. ముందు సొంత పేరు చెప్పుకునే మనిషొకరు ఫోను చేసి, ఈ ఉత్తరం చదివానని చెప్పాలి. చదివినట్టు నాకు నమ్మకం కలిగేలా చెప్పాలి. భూమి నీడ సంగతి అడుగుతాను.

అది కూడా చెయ్యకపోతే, టెక్సస్‌లో వినియోగదారులకి 1973 నుంచీ ఒక చట్టముంది. కేసు వెయ్యడానికి 60 రోజుల ముందు కంపెనీకి రాతపూర్వకంగా నోటీసివ్వాలంటుంది. దీన్ని ఆ నోటీసే అనుకోండి. ఇంగ్లీషు కాపీ రిజిస్టర్డ్ పోస్టులో వస్తోంది. ఇక్కడి జస్టిస్ కోర్టులో 20,000 డాలర్ల దాకా లాయరు లేకుండా మనమే వాదించుకోవచ్చు. బ్యాటరీల ఖరీదు అంత కాదనుకోండి. కానీ ఐదుగురి నిద్ర, నలభై ఏడు నిమిషాల పియానో, నేను గుడిలో పోగొట్టుకున్న మాట, వీటన్నిటికీ ధర కట్టడం మొదలుపెడితే సరిపోకపోవచ్చు కూడా. సొంత ప్యానెల్ చూపించి వారంటీ చెల్లదన్న ఆవిడకి 1975 నాటి కేంద్ర వారంటీ చట్టం ఒకసారి చదివి వినిపించండి. మా మరిది లాయరు కాదు గానీ యూట్యూబు బాగా చూస్తాడు, ఇవన్నీ అతనే వెతికి పెట్టాడు. నేను సరిచూసుకున్నాను.

ఒక్క మాట. కెవిన్‌ని ఏమీ అనకండి. తెలుగులో మాట్లాడినందుకు ఆ అబ్బాయి ఉద్యోగానికి ఇబ్బంది పెట్టారని తెలిస్తే, పైన రాసిన కోర్టులు మీకు చిన్నవిగా కనిపిస్తాయి. కుదిరితే నా ఫోను అతని చేతే చేయించండి.

వచ్చే శనివారం నుంచి వారం పాటు పాలో డ్యూరో కాన్యన్‌లో ఉంటాం. ఈసారి కరెంటున్న సైటే తీసుకున్నాం. అక్కడ మీ బ్యాటరీలు అద్భుతంగా పనిచేస్తాయని బ్రాండన్ ఇదివరకే తేల్చాడు కాబట్టి దిగులు లేదు. కొండల మధ్య సిగ్నల్ అందకపోవచ్చు, ఈలోపే ఫోను చెయ్యండి, సాయంత్రం ఆరు దాటాక.

ఇన్వాయిసు, మీటరు ఫొటోలు, పదకొండు ఈమెయిళ్ళు, ఆ చీకటి వీడియో దీనితో జతచేస్తున్నాను. వీడియోలో బొమ్మ కనిపించదు గానీ శబ్దం బాగుంది. మూడో నిమిషం దగ్గర మీ కంపెనీ గురించి మా అత్తయ్యగారు అన్న మాటలు స్పష్టంగా వినిపిస్తాయి. అర్థం కాకపోతే కెవిన్‌ని అడగండి.

ఇట్లు,
మీ కంప్యూటరు దృష్టిలో విలువైన కస్టమరు