చిన్నారికి నాన్న ఉత్తరం

3-2-2021

చి. చిన్నారికి నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. గేదె ఈనింది, పెయ్యదూడ. అమ్మ మోకాలి నొప్పి మామూలే. నిన్న చంటి బాబాయి వచ్చి, ఢిల్లీ సరిహద్దులో రైతులు కూర్చున్న సింఘు దగ్గర ఎవరో విలేకరిని పోలీసులు పట్టుకుపోయారని చెప్పి వెళ్లాడు. నేను పట్టించుకోలేదు. వాడి మాటలు నీకు తెలియనివా?

అక్కడ నెట్ ఆపేశారని పేపర్లో చూశాను. సరే, వాట్సాప్ రాదు. మామూలు ఫోన్‌కేమైంది? 26వ తారీఖు ట్రాక్టర్లు ఎర్రకోట దాకా వెళ్తుంటే, మెడలో కెమెరా ఉన్న ప్రతి పిల్లనీ చూసి మీ అమ్మ నువ్వేనంది.

మద్దతు ధర దక్కకపోతే ఏమవుతుందో మన వడ్లు మిల్లరుకి పోసినప్పుడు చూశావు. ఆ మూడు సాగు చట్టాలు వద్దని రైతులు నవంబరు నుంచి రోడ్డు మీదే ఉండటం నాకు తప్పనిపించదు. నువ్వు వెళ్లడమూ తప్పనను.

సంక్రాంతికి పంపిన ఫొటోలు మళ్లీ చూశాను. ట్రాలీ మీద టార్పాలిన్ కప్పి, లోపల గడ్డి మీద పడుకున్న పెద్దాయనది బాగుంది. లంగర్‌లో, అదే సిక్కుల ఉచిత వంటశాలలో, రొట్టెలు కాల్చే ఆవిడ ముఖం నల్లబడింది. పొగమంచు తెలుపుకి కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు మోసపోతుంది, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచు. చలికి బ్యాటరీ ఊరికే దిగిపోతుంది, స్పేరుది లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచు. మంకీ క్యాప్ పెట్టుకుంటున్నావా?

లెక్చర్ అనుకోకు, ఒక సంగతి చెప్తాను. స్టూడియో పెట్టిన కొత్తలో జీతాల బకాయిల కోసం మిల్లు గేటు ముందు కార్మికులు టెంటు వేశారు. రిలే నిరాహార దీక్ష. నేను రోజూ సాయంత్రం వెళ్లేవాణ్ణి. పేకాడుతున్నా, పడుకున్నా, నిమ్మరసం తాగుతున్నా తీసేవాణ్ణి. 'తమ్ముడూ, నన్నూ తియ్యి' అని వాళ్లే నవ్వుతూ నిలబడేవాళ్లు. ఒకరోజు మిల్లు ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి కాపీలన్నీ అడిగాడు. ఎందుకని అడగలేదు, కాపీకి పది రూపాయల చొప్పున ఇచ్చేశాను. టెంటు ఎత్తేశాక చూస్తే గేటు వాచ్‌మన్ చేతిలో ఆ ఫొటోలే, ముఖాల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు. పద్దెనిమిది మందిని లోపలికి రానివ్వలేదు. మన వీధి చివర ఇస్త్రీ బండి తాతయ్య అందులో ఒకడు. ఫొటో వెనక మన స్టూడియో స్టాంపు ఉంటుంది కదా, ఆయనకి తెలిసే ఉంటుంది. ఇప్పటికీ నా చొక్కాలు ఆయనే ఇస్త్రీ చేస్తాడు. ఇద్దరం ఆ మాట ఎత్తం.

అడిగి తియ్యి. వద్దంటే చేతులు తియ్యి, చెప్పులు తియ్యి, పొయ్యి తియ్యి. ఎవరు కాపీ అడిగినా ఎందుకో కనుక్కో.

ఘాజీపూర్ రోడ్డు మీద మేకులు దిగగొట్టారట. బూట్లు వేసుకునే వెళ్లు. అమ్మ కందిపొడి, ఉన్ని సాక్సులు పార్సిల్ చేసింది, రూములో ఎవరైనా ఉండి తీసుకోవాలి. మాట్లాడే తీరిక లేకపోతే మిస్డ్ కాల్ ఇవ్వు చాలు, రాత్రి ఎంతైనా పర్లేదు.

నాన్న