మా బాపు సన్మానానికి అండగా నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

నిన్న ఆదివారం మా ఊరి హైస్కూల్ గ్రౌండ్‌లో బాపుకు, అంటే మా నాన్నకు, సైన్యం నుంచి పదవీ విరమణ సన్మానం జరిగింది. టెంట్ ఇంకా సగమే విప్పారు. నా గొంతు పూర్తిగా పోయింది, కాళ్లు లాగుతున్నాయి, ఇంట్లో ఎక్కడివాళ్లు అక్కడే పడి నిద్రపోతున్నారు. అయినా ఇది ఇవాళే రాయాలని కూర్చున్నాను. మనసు నిండా ఉన్నప్పుడే చెప్పుకోవాలి.

బాపు 1992లో గోల్కొండ దగ్గరి ఆర్టిలరీ (ఫిరంగి దళం) సెంటర్‌లో ట్రైనింగ్‌కు చేరాడు. అప్పటికి పందొమ్మిదేళ్లు. పరకాల, వరంగల్ తప్ప ఇంకో ఊరు చూసి ఎరగడు. మొన్న సెప్టెంబర్ 30న సుబేదార్ మేజర్‌గా రిటైర్ అయ్యాడు. 32 ఏళ్లు. సుబేదార్ మేజర్ అంటే ఏమిటని సభలో చాలామంది అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఒక రెజిమెంట్‌లో జేసీవోలందరికీ, అంటే జవాన్లకూ ఆఫీసర్లకూ మధ్య ఉండే జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లకు, పెద్ద ఆయనే. జవాన్ల కష్టసుఖాలు కమాండింగ్ ఆఫీసర్ దాకా తీసుకెళ్లేది, ఆఫీసర్ మాట జవాన్లకు అర్థమయ్యేలా చెప్పేది ఆయనే. కమాండింగ్ ఆఫీసర్ కూడా ఆయన్ని 'సాబ్' అనే పిలుస్తారు.

బాపు దిగిపోయిన రోజు రెజిమెంట్ పిల్లలు జీపుకు బంతిపూల దండలు కట్టి, ముందు తాళ్లు కట్టి, ఇంజన్ వేయకుండా గేటు దాకా చేతులతో లాగారు. పెద్దవాళ్లు రిటైర్ అయితే పట్టాలమంతా కలిసి అలా సాగనంపడం అక్కడి మర్యాద. ఆ వీడియో నాకు పంపింది మన జగిత్యాల వైపు అబ్బాయే, బాపు దగ్గరే పనిచేసిన గన్నర్ (ఫిరంగి జవాను). అందులో బాపు జీపులో నిలబడి ఉన్నాడు గానీ చూపు మాత్రం తాళ్లు లాగే పిల్లల మీదే ఉంది. ఒక కుర్రాడి బూటు లేసు ఊడితే, ఆగమని చేత్తో సైగ చేసి, వాడు కట్టుకున్నాకే కదలనిచ్చాడు. బాపు ఎలాంటి మనిషని ఎవరైనా అడిగితే నేను ఈ వీడియో చూపిస్తాను.

ఇక అసలు రాయాలనుకున్న మాట.

శనివారం సాయంత్రం బాపు కాజీపేటలో దిగాడు. జోరు వాన. నల్ల ట్రంకు పెట్టె ఆటో వెనక కట్టుకుని వచ్చేసరికి నీళ్లు లోపలికి దిగాయి. బట్టలు తడిస్తే ఆరేసుకోవచ్చు. మెడల్స్ వరుసగా కుట్టి ఉండే పట్టీ మాత్రం నానిపోయి, లోపలి అట్ట వంగి, రిబ్బన్లు ఊడి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తెల్లారితే సభ. బ్లేజర్ మీద మెడల్స్ లేకుండా ఎలా? బాపు మాత్రం "ఏం కాదు బిడ్డా, ఉత్త కోటు ఏసుకుంట" అన్నాడు. నాకు మనసొప్పలేదు. ఈ పని తెలిసిన దుకాణాలు సికింద్రాబాద్‌లో ఉంటాయట, ఆ రాత్రి అక్కడికి పోయి వచ్చే టైం లేదు. బతుకమ్మ రోజులు కాబట్టి వరంగల్‌లో ఏ టైలర్ దగ్గరికి వెళ్లినా జాకెట్ల గుట్టలే. ఒకరు తల కూడా ఎత్తలేదు. వాళ్లను ఏమీ అనలేం, సీజన్ అలాంటిది.

నేనూ బాపూ అలా తిరుగుతుంటే వరంగల్ చౌరస్తా వెనక ఒక సందులో, షట్టర్ సగం దించిన చిన్న గదిలో లైటు కనిపించింది. పేరు రాయొద్దని ఆయన గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు. "గింత రాత్రి ఏందమ్మా?" అంటూనే నా చేతిలోని సంచి చూసి లోపలికి రమ్మన్నారు. మెడల్స్ బయటికి తీయగానే ఆయన లేచి చేతులు కడుక్కుని వచ్చారు. కుడుతున్న జాకెట్లన్నీ పక్కకు జరిపి, బల్ల మీద కొత్త తెల్ల లైనింగ్ గుడ్డ పరిచి, దాని మీద పెట్టమన్నారు.

తర్వాత ఆయన చేసిన పని నేను జన్మలో మరిచిపోను. బాపుతో ఒకటి రెండు మాటలు మాట్లాడి, తన స్టూలు తీసుకుని అటు పక్క నుంచి ఇటు పక్కకు వచ్చి, బాపు ఎడమ వైపు కూర్చున్నారు. బాపుకు కుడి చెవి సరిగా వినబడదు. ఆ సంగతి మా చుట్టాల్లోనే సగం మందికి తెలియదు, పిలిస్తే పలకడని అనుకుంటారు. ఎలా తెలిసిందని అడిగితే, "మా నాయిన ఆజంజాహీ మిల్లుల పనిచేసిండమ్మా. మగ్గాల మోతకు చెవులు పోయినయ్. ఎటు కూసుంటే ఇనబడ్తదో మాకు చిన్నప్పటి నుంచి ఎరుక" అన్నారు. వరంగల్‌లో ఆ మిల్లు తెలియని ఇల్లు ఉండదు. 1934లో నిజాం కాలంలో మొదలై, ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టి మూతపడింది. అక్కడ ఒక కార్మికుడు పోగొట్టుకున్న వినికిడి ఇన్నేళ్లకు ఒక సైనికుడికి ఇలా అక్కరకు వచ్చింది. నాకు అక్కడే ఏడుపు ఆగలేదు. ట్రైన్ లేటైన టెన్షన్, వాన, సభ పనులు అన్నీ కలిసి ఒక్కసారిగా వచ్చేశాయి. ఆయన ఏమీ అనకుండా మంచినీళ్ల బాటిల్ నా వైపు జరిపారు.

మెడల్స్‌కు ఒక వరుస ఉంటుంది, అది తప్పకూడదు. బాపు చెబుతుంటే ఆయన సుద్దముక్కతో బల్ల మీద అంకెలు వేసుకున్నారు. తీరా సూది చేతికి తీసుకున్నాక ఆగి, "సారూ, ఇది దేనికిచ్చిండ్రు?" అని అడిగారు. బాపు ఎప్పటిలాగే "అందరికీ ఇస్తరు" అన్నాడు. చిన్నప్పటి నుంచి మాకూ అదే జవాబు. ఆయన వదల్లేదు. "ఎందుకచ్చిందో తెల్వకుంట నేనెట్ల కుట్టాలె సారూ?" అన్నారు.

అప్పుడు బాపు చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్కో రిబ్బన్ కుట్టడం, ఒక్కో మాట చెప్పడం.

ఆపరేషన్ విజయ్, అంటే కార్గిల్ యుద్ధం. 1999లో ద్రాస్. బోఫోర్స్ ఫిరంగి దగ్గర బాపు డ్యూటీ. గుండు ఒక్కోటి 40 కిలోలకు పైనే ఉంటుంది, రాత్రనక పగలనక అందిస్తూనే ఉండాలి. చెవి పోయింది అక్కడే. తోలోలింగ్, టైగర్ హిల్ పేర్లు మనందరికీ తెలుసు. కొండ ఎక్కిన ఇన్‌ఫాంట్రీ (పదాతి దళం) వాళ్ల త్యాగానికి సాటి లేదు. వాళ్లకు దారి చేస్తూ కింద నుంచి కాల్చిన గన్నర్ల గురించి మాత్రం తక్కువే చెప్పుకుంటాం. ఆ యుద్ధంలో మన ఆర్టిలరీ 2,50,000కు పైగా గుండ్లు, బాంబులు, రాకెట్లు ప్రయోగించింది. 2022లో ద్రాస్‌లోని పాయింట్ 5140కి గన్నర్ల గౌరవార్థం గన్ హిల్ అని పేరు పెట్టినప్పుడు బాపు ఫోన్ చేసి "మా పేరు పెట్టిండ్రు బిడ్డా" అన్నాడు. తన గురించి కాకపోయినా, తనవాళ్ల గురించి అంత సంబరంగా మాట్లాడటం నేను విన్నది అప్పుడే.

సియాచిన్. నడిచేటప్పుడు మంచు పగుళ్లలో పడిపోకుండా అందరూ ఒకే తాడు కట్టుకుని నడుస్తారట. గుడారంలో కిరసనాయిలు పొయ్యి మసికి ఉమ్మినా నల్లగా వచ్చేదట. ఒక కుర్రాడి వేళ్లు మొద్దుబారిపోతే బాపు వాటిని రాత్రంతా తన చంకల్లో పెట్టుకుని పడుకున్నాడు. ఆ వేళ్లు దక్కాయి. ఆ అబ్బాయికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు, ప్రతి దసరాకు ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్ ఎవరిదో మాకు ఇన్నేళ్లకు తెలిసింది, అదీ ఒక టైలర్ అడిగితే!

2001 చివర్లో సైన్యాన్ని పాకిస్తాన్ సరిహద్దుకు తరలించిన ఆపరేషన్ పరాక్రమ్ గురించి ఎక్కువ చెప్పలేదు. "నెలల తరబడి బార్డర్ మీద కూసున్నం, అంతే." స్వాతంత్ర్యానికి 50 ఏళ్లు నిండినప్పుడు ఇచ్చింది ఒకటి, 75 ఏళ్లు నిండినప్పుడు ఇచ్చింది ఒకటి. రెండూ ఒకే ఛాతీ మీద ఉన్నాయంటే ఆ మనిషి ఎంతకాలం నిలబడ్డాడో చూడండి.

కుట్టడం అయిపోయాక టైలర్ గారు పట్టీని దూరంగా పట్టుకుని చూశారు. ఒక మెడల్ పక్కదానికంటే నూలుపోగంత కిందికి ఉంది. నాకైతే కనబడలేదు. ఆయన మొత్తం విప్పి, కాలర్‌కు వాడే బక్రం ఇంకో పొర వేసి మళ్లీ కుట్టారు. బ్లేజర్ నడుము వదులైందని అదీ సరిచేశారు. ఈలోగా ఆయన భార్య పక్క మిషన్ మీద కూర్చుని, తెల్లారి ఇవ్వాల్సిన జాకెట్లకు హుక్స్ కుట్టుకుంటూ వచ్చింది. రాత్రి రెండు దాటింది. బాపు నోట్లు తీసిస్తే, కోటు సైజు తగ్గించడానికి రోజూ తీసుకునే రేటు మాత్రం తీసుకుని మిగతాది తిరిగి ఇచ్చారు. "పని పైసలు తీసుకున్న సారూ. రాత్రి మేల్కొన్నదానికి మీరు నాకు బాకీ లేరు" అన్నారు. బాపు మారుమాట్లాడకుండా ఆయనకు సెల్యూట్ చేశాడు. యూనిఫాం వదిలాక బాపు చేసిన మొదటి సెల్యూట్ అది.

టైలర్ అన్నా, వదినా, మీరు సభకు రాలేదు. ఆర్డర్లు ఉన్నాయన్నారు. నిన్న స్టేజీ మీద బాపును చూసినవాళ్లంతా మీ చేతి పనినే చూశారు.

ఒక బాధ కూడా చెప్పకపోతే మనసు కుదుటపడదు. బాపు సుబేదార్ మేజర్‌గా ఉన్నన్నాళ్లూ జవాన్ల కాగితాల వెంట పడ్డాడు. పెళ్లయితే భార్య పేరు రికార్డుల్లోకి ఎక్కిందా, పిల్లల పుట్టిన తేదీ సరిగా పడిందా అని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగేవాడు. రేపు ఏదైనా జరిగితే ఆ ఇల్లాలు ఆఫీసుల చుట్టూ తిరగకూడదని ఆయన తపన. అలాంటి మనిషి భార్య పేరులో, ఆధార్‌కూ సర్వీస్ రికార్డుకూ ఒక్క అక్షరం తేడా ఉందని పెన్షన్ కాగితం ఒకచోట ఆగిపోయింది. ఆ అక్షరం తప్పు కొట్టింది మేము కాదు. అఫిడవిట్ తెమ్మంటారు, తెస్తే ఫార్మాట్ మారిందంటారు. కౌంటర్ దగ్గర బాపు కుడి చెవి వైపు నుంచి మాట్లాడి, వినబడలేదంటే విసుక్కున్నారు. సందులో టైలర్‌కు ఒక్క నిమిషంలో తెలిసింది, సైనికుల కోసమే కుర్చీ వేసుకుని కూర్చున్నవాళ్లకు తెలియదా? ఎవరి మీదో కోపంతో రాయడం లేదు. మన జిల్లాల్లో ఇలా తిరిగే రిటైర్డ్ జవాన్లు, వీర నారీమణులు (అమరులైన జవాన్ల భార్యలు) చాలామంది ఉన్నారు, వాళ్లలో ఎక్కువమందికి వెంట వెళ్లే మనిషి కూడా లేడు. పేరు సవరణ త్వరగా అయ్యే దారి తెలిసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి, మాకే కాదు, అందరికీ పనికొస్తుంది.

సభలో బాపు రెండు నిమిషాలే మాట్లాడాడు. తనతో చేరి తిరిగి రానివాళ్ల ఊళ్ల పేర్లు చెప్పి కూర్చున్నాడు. ఆడవాళ్లు తంగేడు, గునుగు పూలతో పేర్చిన బతుకమ్మను స్టేజీ ముందు పెట్టి ఆడారు. బాపు ఇంటి దగ్గర బతుకమ్మ చూసి చాలా ఏళ్లయింది, పండుగ సెలవు ఎప్పుడూ చిన్న పిల్లలున్న జవాన్లకే ఇచ్చేవాడు.

అమ్మ, తమ్ముడు, మరదలు, మేనత్త, మా ఆయన, మీరంతా చేశారు. మీకు వేరే చెప్పాలా?

పోస్ట్ పెట్టబోతుంటే గుర్తొస్తున్నాయి, ఎవరూ ఏమీ అనుకోవద్దు. వానకు గ్రౌండ్ బురదైతే పొద్దున్నే ట్రాక్టర్‌తో మొరం తెచ్చి పోసిన యూత్ పిల్లలకు కృతజ్ఞతలు. కరెంటు పోతే జనరేటర్ ఇచ్చిన రైస్ మిల్లు వాళ్లకు, బాపుకు ఐదో తరగతి చెప్పి, కర్ర పట్టుకుని మరీ వచ్చిన మా సారుకు, ములుగు, భూపాలపల్లి నుంచి బస్సుల్లో వచ్చిన మాజీ సైనికులకు. కాజీపేట స్టేషన్‌లో ట్రంకు మోసి, "ఫౌజీ సాబ్ పెట్టె" అని కింద పెట్టనివ్వని పోర్టర్ అన్నకు. డప్పు బృందానికి. వంట దగ్గర రాత్రంతా ఉన్న వాడకట్టు అక్కలకు. స్కూల్ తాళాలు తెచ్చి ఇచ్చిన అటెండర్ గారిని అసలే మరిచిపోయాను, ఆయనకు కూడా.

పప్పు పోసి పంపిన పెద్ద స్టీలు గిన్నె ఒకటి, అంచు మీద పేరు చెరిగిపోయింది, మా ఇంట్లో ఉండిపోయింది. ఎవరిదో చెబితే తమ్ముడు తెచ్చి ఇస్తాడు.