బర్డ్ ఫ్లూ మాత్ర కోళ్ల నీళ్లలో కలిపితే?

సంపాదకులకు నమస్కారం.

2025 ఫిబ్రవరిలో వేల్పూరు, కానూరు అగ్రహారం ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడి కోళ్లను గోతుల్లో పూడ్చినప్పటి నుంచి, టీ కొట్టు దగ్గర కలిసిన రైతులు నన్ను ఒకటే అడుగుతున్నారు: ‘మనుషులకు మాత్రలున్నాయిగా, అవే కోళ్ల నీళ్లలో కలిపేస్తే పోదా డాక్టరు గారూ?’ అప్పు తెచ్చి షెడ్డు కట్టినవాడు అలా అడగడంలో తప్పు లేదు.

కానీ దీనికి జవాబు నలభై ఏళ్ల కిందటే దొరికింది. 1983లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఇలాగే కోళ్లు రాలిపోతే, ఫ్లూ శాస్త్రవేత్త రాబర్ట్ వెబ్‌స్టర్ బృందం ప్రయోగశాలలో కోళ్లకు తాగే నీళ్లలో అమాంటడిన్ అనే మనుషుల ఫ్లూ మందు ఇచ్చి చూసింది. మందు బాగానే కాపాడింది. అంతలోనే, రెండు మూడు రోజులకే, ఆ మందుకు లొంగని వైరస్ పుట్టుకొచ్చింది. చైనాలో ఫారాల వాళ్లు ఇదే మందు వాడారని, వైరస్ దానికి లొంగకుండా పోయిందని 2005లో వార్తలు వచ్చినప్పుడు నాకేమీ ఆశ్చర్యం కలగలేదు.

మందుల పరీక్షలు జరగాల్సింది మనుషుల కోసం. 2025లో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రి శాస్త్రవేత్తలు అమెరికా ఆవుల్లో దొరికిన వైరస్‌ను ఎలుకలకు కంటి నుంచి, ముక్కు నుంచి, నోటి నుంచి ఎక్కించి మందులిచ్చారు. కంటి నుంచి సోకినప్పుడు బలోక్సావిర్ ఇచ్చినవన్నీ బతికాయి; మనం నమ్ముకున్న ఒసెల్టామివిర్‌తో నాలుగో వంతే మిగిలాయి. నోటి నుంచి సోకినప్పుడు మాత్రం రెండు మందులూ చతికిలపడ్డాయి.

ఆ మాట చదవగానే పల్నాడు పాప గుర్తొచ్చింది. 2025 మార్చిలో మంగళగిరి ఎయిమ్స్‌లో బర్డ్ ఫ్లూతో చనిపోయిన ఆ రెండేళ్ల బిడ్డ పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని పత్రికల్లోనే చూశాం. ఎలుకలో తేలింది మనిషిలోనూ తేలుతుందని చెప్పలేం. అందుకే ముంగిసలా ఉండే ఫెర్రెట్‌లోనూ చూస్తారు. ఫ్లూ వస్తే అది మనలాగే తుమ్ముతుంది. పైగా ఆ ఆవుల వైరస్సూ, మన దగ్గర తిరిగేదీ ఒకే రకం కావు.

మన నమూనాలను నిర్ధారించే భోపాల్ హై సెక్యూరిటీ ల్యాబ్‌లోనే మన వైరస్ మీద ఈ మందులను జంతువుల్లో పరీక్షించాలి. ఫలితాలు జిల్లా ఆసుపత్రులకు చేరాలి. కోళ్లను పట్టి గోతిలో వేసే కూలీకి ఏ మాత్ర, ఏ రోజున ఇవ్వాలో అప్పుడు గట్టిగా చెప్పవచ్చు. ఈలోగా పూడ్చిన కోళ్లకు పరిహారం వెంటనే ఇప్పించండి. అది అందదేమోనన్న భయంతోనే కొందరు చచ్చిన కోళ్లను రాత్రికి రాత్రి కాలవలో పడేస్తున్నారు.

– ఒక విశ్రాంత పశువైద్యుడు, తణుకు