మదర్ మరియన్ స్మరణ నిధి: జమా ఖర్చుల వివరణ

దాతలందరికీ నమస్కారం. జనవరి 23న గుంటూరులో జరుపుకున్న పునీత మరియన్ కోప్ పండుగకు, కుష్ఠు వ్యాధి నయమైన కుటుంబాల సహాయానికి మీరిచ్చిన సొమ్ముకు ఇది లెక్క.

జమ: గత ఏడాది నిల్వ రూ.6,340. గుడుల్లో పెట్టిన కానుకల పెట్టెల ద్వారా రూ.38,250. నర్సుల నుంచి, ముఖ్యంగా గల్ఫ్ దేశాల్లో పనిచేస్తున్న మన ఆడపడుచుల నుంచి రూ.74,500. మదర్ జీవితంపై వేసిన చిన్న పుస్తకం 20 రూపాయల చొప్పున 212 ప్రతులు అమ్ముడై రూ.4,240. మొత్తం జమ రూ.1,23,330.

ఎవరి పేరు చెప్పి ఈ డబ్బు అడిగామో ఆమె గురించి నాలుగు మాటలు చెప్పడం మా బాధ్యత. మరియన్ 1838లో జర్మనీలోని హెపెన్‌హైమ్‌లో పుట్టారు. ఆమె పసిబిడ్డగా ఉండగానే కుటుంబం అమెరికాకు వలస వెళ్లి యూటికాలో స్థిరపడింది. తండ్రి ఆరోగ్యం చెడిపోవడంతో ఇల్లు గడవడానికి ఫ్యాక్టరీ పనికి వెళ్లారు. మఠంలో చేరాలన్న కోరిక 1862లో గాని తీరలేదు. తర్వాత సిరక్యూస్‌లోని సెయింట్ జోసెఫ్ ఆసుపత్రిని నడిపారు. కుష్ఠు రోగులకు సేవ చేసేవారు కావాలని హవాయి నుంచి పిలుపు వస్తే యాభైకి పైగా మఠాలు రాలేమన్నాయి. ఆమె వెళ్లారు. ఆరుగురు సిస్టర్లను వెంటబెట్టుకుని 1883 నవంబర్ 8న హోనలూలులో దిగారు. అదే నెల 29న అమెరికా లూథరన్ మిషనరీ వైద్యురాలు డాక్టర్ అన్నా కుగ్లర్ మన గుంటూరు చేరారు. ఈ సంగతి తెలిసి లూథరన్ సంఘాల నర్సులు కూడా చందాలు పంపారు. మాకు అది పెద్ద సంతోషం.

1888లో మదర్ మొలొకాయ్ ద్వీపంలోని కలౌపాపాకు వెళ్లారు. ఒకవైపు నిట్టనిలువు కొండ, మిగతా మూడు వైపులా సముద్రం. రోగులను ఇళ్లనుంచి విడదీసి అక్కడికి పంపేవారు. ఆడపిల్లల వసతిగృహంలో ఆమె పుళ్లు కడిగి కట్లు కట్టడంతో సరిపెట్టలేదు. మంచి గుడ్డ తెప్పించి ఆ పిల్లలకు అందమైన గౌన్లు కుట్టించారు, వారికీ కుట్టు నేర్పారు, బోడి నేలలో చెట్లు నాటించారు. చేతులు కడుక్కోవడం దగ్గర ఎవరినీ ఉపేక్షించేవారు కారు. 1918 ఆగస్టు 9న కన్నుమూసేదాకా అక్కడే ఉన్నారు. ఆ వ్యాధి ఆమెకు సోకలేదు. 2012 అక్టోబర్ 21న పునీతురాలిగా ప్రకటించారు.

విగ్రహం పెట్టిద్దామని కొందరు పెద్దలు అడిగారు. వారి భక్తిపై మాకు గౌరవం ఉంది. కానీ గౌన్లు కుట్టించిన తల్లి పేరున వచ్చిన డబ్బు మొదట వ్యాధి బాధితుల కాళ్లకు, చేతులకు చేరాలన్నది కమిటీ నిర్ణయం.

ఖర్చులో పెద్ద భాగం చెప్పులదే. వ్యాధి నయమైనా చాలామంది పాదాలకు పోయిన స్పర్శ తిరిగి రాదు. మేకు గుచ్చుకున్నా, ఎండకు కాగిన రోడ్డు మీద నడిచినా నొప్పి తెలియదు, గాయం ముదిరి పుండవుతుంది. అందుకే మెత్తని ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్, అంటే సన్నని గాలి గదులుండే) రబ్బరు చెప్పులు. ఒక్కొక్కరి పాదాన్ని కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసి, జారిపోకుండా వెనక పట్టీ వేయించి 96 జతలు కుట్టించాం. జత రూ.550 చొప్పున రూ.52,800. ఒక మామ్మగారి పాదం గీత గుండ్రంగా వచ్చింది, వేళ్ల జాడే లేదు. ఆమె జతను విప్పి మళ్లీ కుట్టాల్సి వచ్చింది. కుట్టినాయన ఆ కూలి తీసుకోలేదు.

దూది, గాజుగుడ్డ, కట్లు, పుండ్ల మందులకు రూ.21,460. వ్యాధి నయమైన కుటుంబాలుండే కాలనీలోని అమ్మాయిల కోసం రెండు కుట్టుమిషన్లకు రూ.17,800. పుస్తకం 500 ప్రతుల అచ్చుకు రూ.9,000. షామియానా, మైకుకు రూ.3,500. ఆటో బాడుగలు రూ.2,150. పండుగనాటి భోజనాలకు రూ.14,300. ఇది ఎక్కువని ఒకరిద్దరు అన్నారు. ఆ రోజు కాలనీవారు, దాతలు ఒకే బంతిలో కూర్చుని తిన్నారు. ఎప్పుడూ విడిగా వడ్డన చూసినవారికి ఆ బంతి ఎంత విలువైనదో మేము కళ్లారా చూశాం. వచ్చే ఏడాది కూడా ఈ ఖర్చు తగ్గించం.

మొత్తం ఖర్చు రూ.1,21,010. నిల్వ రూ.2,320 బ్యాంకు ఖాతాలో ఉంది. బిల్లులు, రసీదు పుస్తకాలు ఆదివారం పూజ తర్వాత గుడి కార్యాలయంలో ఎవరైనా చూడవచ్చు. రసీదు అందనివారు అక్కడే అడిగి తీసుకోగలరు. మిగిలిన 288 పుస్తకాలు నర్సింగ్ విద్యార్థినులకు ఉచితంగా ఇస్తున్నాం.